పాదం లేని నామం

సాయంత్రం నాలుగింటికి పరంధామయ్య గారి కుడికాలు మోకాలి పైకి తీసేస్తారు. ఇప్పటికే పన్నెండు దాటింది. డిటెక్టివ్ సుదర్శనం చేతిలో ఉన్నదల్లా ఒక చల్లారిన కాఫీ గ్లాసు. అది కూడా ఎవరి కోసమో తెచ్చి, పొరపాటున ఇతని చేతిలో పెట్టి పోయారు.

పొద్దున చిత్తూరులో మొదటి బస్సెక్కి తిరుపతిలో దిగిన దగ్గర్నుంచి ఒక్క పనీ కలిసి రాలేదు. మద్రాసు గ్యాసు కంపెనీకి ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను కలవలేదు. డాక్టర్ ప్రేమానందాన్ని రెండుసార్లు కదిలించబోతే, రెండుసార్లూ పేషెంట్లున్నారని తలుపు వేసుకున్నాడు. అసలు మాట్లాడవలసిన నర్సింగ్‌హోం పనివాడు మునస్వామి పోలీసుల చేతిలో ఉన్నాడు. ఇతణ్ణి పిలిపించిన వకుళాదేవి, పరంధామయ్య కూతురు, పావుగంటకొకసారి వచ్చి ఏమన్నా తెలిసిందా అన్నా అని అడిగి పోతోంది. లేదమ్మా, లేదమ్మా అని చెప్పి చెప్పి సుదర్శనానికి తన గొంతు మీద తనకే వెగటు పుట్టింది.

కేసు చూడబోతే చిన్నదే. పరంధామయ్య కార్వేటినగరం హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన అయ్యవారు. ఆయన కొడుకు వరదరాజులుకు చిత్తూరులో కలరు సోడా ఫ్యాక్టరీ ఉంది. మొన్న ఎండాకాలంలో తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని వరదరాజులు నడుపుతున్న సోడా వ్యాను, పాకాల రోడ్డులో చిన్నబ్బ అనే మనిషిని గుద్ది, కల్వర్టుకు కొట్టుకుంది. చిన్నబ్బ అక్కడికక్కడే పోయాడు. పోయినవాడు వరదరాజులుకు ఒకనాటి వ్యాపార భాగస్తుడు, ఇద్దరికీ మాటలు లేక ఏడాది దాటింది. బ్రేకు పడలేదని వరదరాజులు అంటాడు. కావాలనే తొక్కించాడని చిన్నబ్బ భార్య అంటుంది. చూసిన కళ్ళు పరంధామయ్యవి మాత్రమే. ఆ దెబ్బకే ఆయన కాలూ విరిగింది. ఆయన లేచి కూర్చుని సాక్ష్యం చెప్పగలిగే దాకా కేసు ఆపమని వకీళ్ళు అడగడం, చిత్తూరు కోర్టు వాయిదా వేయడం, ఇదీ వరస.

విరిగిన ఎముకకు ప్లేటు వేసి కుట్టారు. చక్కెర జబ్బు మనిషి కావడంతో ఆపరేషన్ గాయం మానలేదు. అప్పుడు ప్రేమానందం తను కొత్తగా నేర్చుకుని వచ్చిన వైద్యం మొదలుపెట్టాడు. గాజులాగా కనిపించే ప్లాస్టిక్ పెట్టెలో కాలు పెట్టి, మోకాలి దగ్గర రబ్బరు పట్టీ బిగించి, లోపలికి ఆక్సిజన్ వదలడం. గాయం మానడమంటే కొత్త మాంసం పుట్టడమనీ, పుట్టినదానికి ఊపిరి కావాలనీ, నెత్తురు తేలేని ఊపిరిని మనం బయట నుంచి అందిస్తామనీ ఆయన వకుళాదేవికి ఓపిగ్గా చెప్పాడు. చెప్పినట్టే ఎర్రటి మాంసం మొలిచింది. వకుళాదేవి కొండకు మొక్కుకుంది. అంతలో పోయిన వారం గాయం ఒక్కసారిగా తిరగబడింది. వాసన, జ్వరం, ఆపైన నలుపు. వేళ్ళ దగ్గర మొదలైన నలుపు పిక్క దాకా పాకింది.

తిరగబడింది కొత్త సిలిండరు పెట్టాకనే. అది వకుళాదేవి పట్టిన సంగతి. పోలీసులకు చెప్పిందీ ఆమే. పోలీసులు మునస్వామిని పట్టుకుపోయారు గానీ కాలు సంగతి ఎవరూ అడగలేదు. అందుకని సుదర్శనానికి కబురు చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రేమానందం నర్సింగ్‌హోంలో నిండు సిలిండరేదో ఖాళీ సిలిండరేదో తెలియడానికి చీటీలూ బోర్డులూ లేవు. నిండుదానికి నామం పెడతారు, అయిపోగానే తుడిచేస్తారు. నామం బండ తీసుకురా, గుండు బండ దించెయ్ అన్నదే అక్కడి భాష. సిలిండర్ల గది చూసుకునే మునస్వామి ఒక ఆయుధపూజ నాడు ముచ్చటకు పెట్టిన నామాలు అలా ఆచారమై కూర్చున్నాయి. డాక్టరు ఆదివారం చర్చికి పోయే మనిషే అయినా పని జరుగుతోంది గదా అని నవ్వి ఊరుకున్నాడు. మునస్వామి మీట తిప్పి చూసి, బాగుందనుకుంటేనే నామం పెడతాడు. నామం లేని సిలిండరును నర్సు రమామణి ముట్టుకోదు. నామం ఉంటే ఇంక ఏమీ అడగదు.

ఆ కొత్త సిలిండరు పోయిన వారం సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఊళ్ళో ఆక్సిజన్‌కు కరువుగా ఉంటే వరదరాజులే ఎక్కడో సంపాదించి, మీటరుతో సహా బిగించి, తన సోడా వ్యానులో పంపాడు. క్లీనరు దాన్ని నేరుగా మంచం పక్కన నిలబెట్టి, అప్పుడే వెనక్కి పోయాడు. అప్పటికి దానికి నామం లేదు. దీపాలు పెట్టే వేళకు రమామణి వస్తే నామం ఉంది. ఆమె ట్యూబు తగిలించింది. ఈ మధ్యలో నామం పెట్టిందెవరు? సుదర్శనం పొద్దుటి నుంచి ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నాడు. దొరికినవాళ్ళనల్లా అడిగాడు. మునస్వామి గాక ఇంకెవరు పెడతారు అని అందరూ ఎదురు ప్రశ్న వేశారు.

ఇన్‌స్పెక్టర్ చెంగల్రాయుడు సిలిండర్ల గదిలోనే కుర్చీ వేయించుకున్నాడు. మునస్వామిని పంచనామా కోసం తీసుకొచ్చి నేల మీద కూర్చోబెట్టారు. అతని ఎడమ చెంప వాచి ఉంది. చెంగల్రాయుడూ సుదర్శనమూ ఒకప్పుడు ఒకే స్టేషనులో ఎస్సైలు. సుదర్శనం పై అధికారితో పోట్లాడి ఉద్యోగం వదిలేశాడు. చెంగల్రాయుడు ఎవరితోనూ పోట్లాడకుండా ఇన్‌స్పెక్టరయ్యాడు. ఆ తేడా ఇద్దరికీ గుర్తే.

"రాప్పా సుదర్శనం. వడ్డించి విస్తళ్ళు ఎత్తేసినాక వచ్చినావే," అన్నాడు చెంగల్రాయుడు.

సంగతంతా తేలిపోయిందని అతని ధీమా. మునస్వామి మంచి సిలిండరు దాచేసి, దాని జాగాలో పనికిమాలినదేదో పెట్టి, నామం దిద్దాడు. ముసలాయన కాలు చెడింది. ఇంతే. దీనికి చిత్తూరు నుంచి డిటెక్టివ్ రావాలా అని ఒక కానిస్టేబుల్‌ను సాక్ష్యం అడిగినట్టు అడిగాడు. ఆ కానిస్టేబుల్ అక్కర్లేదన్నట్టు తల ఊపాడు.

సుదర్శనం మునస్వామి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సోమవారం మధ్యాన్నం యాడున్నావు?"

"రేణిగుంటలో సార్. గుండు బండలు రైలుకెయ్యను పొయ్యింటి. పొద్దుగుంకినాక వచ్చినా."

"వచ్చేతలికి ఆ బండకు నామం ఉండాదా?"

"నేను సూళ్ళేదు సార్. రమామణమ్మ తగిలించేసింది. నువ్వు పెట్టిందే గదా అనింది. యాదో మర్సిపొయ్యింటాలే అనుకున్న్యా."

మరచిపోయి ఉంటాననుకున్నాడట. సుదర్శనానికి ఆ చెంప మీద ఇంకొకటి వెయ్యాలనిపించింది. వాచిన చెంప చూసి ఊరుకున్నాడు. మూలనున్న సున్నం డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి, అక్కడున్న ఖాళీ సిలిండరుకు ఒక నామం పెట్టమన్నాడు. మునస్వామి ఇన్‌స్పెక్టర్ వైపు చూసి, లేచి, వేలు ముంచి, సిలిండరు మెడ దగ్గరి తెల్లరంగుకు కాస్త కింద, తన రొమ్మెత్తున రెండు గీతలు గీశాడు. అవి కలిసే చోట కిందికి ఇంకో చిన్న ముక్క దిద్దాడు. కుంకుమ లేదు గనక మధ్యగీత వదిలేశాడు.

"ఈ కింది ముక్క ఏంది?"

"పాదం సార్. పాదం లేకుండా నామం యాడైనా ఉంటాదా?"

సుదర్శనం నిలువునా లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు పరంధామయ్య ఉన్న పై గదిలోకి పోయి వచ్చాడు. నాలుగుసార్లూ ఆ సిలిండరు నామాన్ని చూశాడు. చూసి కూడా చూడలేదు. దానికి పాదం లేదు.

సుదర్శనం వాళ్ళది పాదం నామం ఇల్లు. ఎదురింటివాళ్ళది పాదం లేని నామం. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ ఎదురింటి నొసళ్ళు చూసి మూతి తిప్పుకునేది, ఎదురింటి అవ్వ ఈ నొసళ్ళు చూసి తిప్పుకునేది. ఇద్దరూ పోయేదాకా ఆ పంచాయితీ తెగలేదు. ఏ ఇంట్లో పుట్టినవాడి చెయ్యి ఆ ఇంటి గీతే గీస్తుంది. నిద్రలో లేపి పెట్టమన్నా మారదు. ఇంత తెలిసిన తను పొద్దుటి నుంచి గుడ్డివాడిలా తిరిగినందుకు సుదర్శనానికి ఒళ్ళు మండిపోయింది.

ఆ మాటే చెంగల్రాయుడికి చెప్పాడు. చెంగల్రాయుడు పకపకా నవ్వాడు.

"నామానికి కాలుంటే ఏంది, లేకుంటే ఏందప్పా? పోలీసు రికార్డులో నామం అంటే నామమే."

"మోసం చేసేవాడు రోజూ పెట్టే నామమే పెడతాడు. కొత్తది పెట్టి అందరికీ ఎందుకు అనుమానం తెప్పిస్తాడు?"

"యారికి వచ్చిందిరా అనుమానం? నీకొక్కడికే వచ్చింది. అదీ ఈపొద్దు."

అది నిజమే కాబట్టి సుదర్శనానికి మరీ కోపం వచ్చింది.

పై గదిలో మంచం ఖాళీగా ఉంది. ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే తీయాలని పరంధామయ్యను స్ట్రెచరు మీద కిందికి తీసుకుపోయారు. మంచం తల వైపు చిన్న బల్ల మీద ఆయన చేతి అద్దం, నామం దిద్దుకునే తెల్లమట్టి తిరుమణి పెట్టె, దేవుడి పటం, ఊదుబత్తులు ఉన్నాయి. జ్వరంలో ఉండి కూడా ఆయన పొద్దున్నే నామం పెట్టుకోనిదే కాఫీ ముట్టడని వకుళాదేవి చెప్పింది. సిలిండరు మంచానికి ఆనుకునే ఉంది. మీట మీద పోలీసులు గుడ్డ చుట్టి లక్క వేశారు.

ఈసారి సుదర్శనం మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. సిలిండరు కింద నేల మీద తడి ఆరిన గుండ్రటి మరక ఉంది. ఎందుకని అడిగితే, గ్యాసు వదిలినప్పుడల్లా దానికి కూజాకు పట్టినట్టు చెమట పట్టేదనీ, తను గుడ్డతో తుడిచేదాన్ననీ వకుళాదేవి చెప్పింది. సిలిండరుకూ మీటరుకూ మధ్య కొత్త ఇత్తడి ముక్క ఒకటి తళతళలాడుతోంది. ఒకదాని మర ఇంకొకదానికి పట్టనప్పుడు వేసే ముక్క. ఇలాంటిది కింది గదిలో దేనికీ లేదు. జేబులోంచి నాణెం తీసి అడుగున నల్లరంగు గీకాడు. నలుపు కింద బూడిదరంగు, ఆక్సిజన్ బండలకు వేయనిది, బయటపడింది.

ప్రేమానందాన్ని ఈసారి తలుపు తోసుకుని పోయి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వెనకే చెంగల్రాయుడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. సీలు తీయమంటే కుదరదన్నాడు. సిలిండరు హైదరాబాదు లేబరేటరీకి పోవాలి, అక్కడి నుంచి రిపోర్టు రావాలి, అప్పుడు చూద్దామన్నాడు. రిపోర్టు వచ్చేసరికి కాలు కాదు, మనిషే ఉండడని సుదర్శనం అరిచాడు. అరిచి లాభం లేదని తెలిసి గొంతు తగ్గించాడు.

"నీ పంచనామాలో ఏమని రాసినావు?"

"ఆక్సిజన్ సిలిండరు ఒకటి అని."

"లోపల ఉండేది ఆక్సిజన్ కాకపోతే ఆ పంచనామా ఏమయితాది? రేపు కోర్టులో వకీలు లేచి ఇదే అడిగితే నీ పేరు పేపర్లో పడతాది."

చెంగల్రాయుడు కాసేపు మీసం కొరుక్కున్నాడు. తర్వాత తానే లక్క ఊడదీశాడు.

సుదర్శనం పటం ముందున్న ఊదుబత్తి ఒకటి వెలిగించి, మంట ఆర్పి, ఎర్రటి కొన ట్యూబు మూతికి పెట్టాడు. ఆక్సిజన్ అయితే అది భగ్గుమనాలి. స్కూల్లో చదువుకున్న ఎవరికైనా తెలుసు. డాక్టరు మీట తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. నిప్పు ఆరిపోయింది. ఇంకొకటి వెలిగించారు. అదీ ఆరిపోయింది. ప్రేమానందం మూడోది తానే వెలిగించి తానే పెట్టాడు. అదీ ఆరింది.

"సోడాలో కొట్టే గ్యాసు," అన్నాడు సుదర్శనం. "వదిలేకొద్దీ బండ చల్లబడతాది, చెమట పట్టేది అందుకే."

డాక్టరు ఖాళీ మంచం మీద కూలబడ్డాడు. ఊపిరి తగిలితే చచ్చే పురుగు ఒకటుంటుందనీ, లోతు గాయంలో నక్కి ఉంటుందనీ, ఊపిరి అందకపోతే అదే రాజ్యమేలుతుందనీ గొణిగాడు. "ఇన్ని రోజులూ ఆ కాలికి ఊపిరి పోస్తా ఉండాననుకున్నాను సుదర్శనం గారూ. పీక పిసికినాను."

చూస్తుండగానే ఆయనలో డాక్టరు మళ్ళీ లేచాడు. కుట్లు విప్పి, చచ్చిన మాంసం తీసేసి, అసలైన ఆక్సిజన్ పెడితే పాదం పోయినా మోకాలు దక్కవచ్చునన్నాడు. రేపు పొద్దుటి దాకా చూస్తానన్నాడు. ఆ మాట విని వకుళాదేవి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. సుదర్శనానికి పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరాడింది.

అది ఎంతోసేపు నిలవలేదు. కిందికి పోయిన ప్రేమానందం మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు. గ్యాసు మంచిది కాదని తేలింది, ఒక్కరోజు ఓపిక పట్టండి, కాలు నిలబెడతానని చెబితే పరంధామయ్య ఒప్పుకోలేదట. నాలుగింటికని అనుకున్నారు, నాలుగింటికే కొయ్యండి అన్నాడట. ఆయన ఒప్పుకోనిది డాక్టరు ఏమీ చేయలేడు. వకుళాదేవి కన్నీళ్ళు తుడుచుకుంటూ తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఆమె వెనకే డాక్టరూ దిగిపోయాడు.

సుదర్శనం చెంగల్రాయుడి మీదికి తిరిగాడు. సోడా గ్యాసు ఎవరి దగ్గర ఉంటుంది? సిలిండరు పంపిందెవరు? తండ్రి కోర్టుకు పోతే ఉరికంబం ఎక్కేదెవరు? ఇంకా మునస్వామిని ఎందుకు పట్టుకుని వేలాడతావని అడిగాడు. చెంగల్రాయుడు ఈసారి నవ్వలేదు.

"నేనూ మడిసినే సుదర్శనం. నాకూ వాని మీదే అనుమానం. అయితే సోమవారం పొద్దున్నించీ రాత్రి దాకా వరదరాజులు చిత్తూరులో ఫ్యాక్టరీలో ఉండాడు, నేను కనుక్కున్యా. నామం లేని బండ పంపినాను, మీవాళ్ళు చూసుకోకుండా తగిలిస్తే నేనేం చేసేది అంటాడు. కోర్టులో అదే అంటాడు. ఆ గ్యాసును కాలి దాకా పంపింది నామం. నామం పెట్టినోడు కావాల నాకు. తెచ్చియ్యి, నీ కాళ్ళకు మొక్కతా. అందాకా మునస్వామే."

చెప్పి, మెట్లు దిగిపోయాడు. అతని మాటలో తప్పు దొరకలేదు. సుదర్శనానికి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. వరదరాజులు నామం పెట్టుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. క్లీనరు గదిలో నిమిషం కూడా నిలవలేదు. రమామణికి నామం దిద్దడం రాదు. గదిలో ఉన్నది వకుళాదేవి, ఆమె కూడా మధ్యాహ్నం భోజనానికి పోయింది. గదిలోకి ఇంకెవరూ రాలేదని వరండాలో కూర్చునే ఆయా మునిలక్ష్మి ఒట్టు పెట్టుకుని చెబుతోంది. కాపాడదామని వస్తే ఆ ముసలాయన తన కాలు తానే కొయ్యమంటున్నాడు. ఎవరి కోసం ఈ తిరుగుడంతా? సుదర్శనం చెప్పులతోనే ఖాళీ మంచం మీద వెనక్కి వాలాడు. దిండు మీద తల పెట్టి పక్కకు తిరిగాడు.

సిలిండరు నామం సరిగ్గా కళ్ళ ఎదుట ఉంది.

నిలబడి చూసినప్పుడు అది ఒక పక్కకు ఒరిగినట్టు ఉండింది. తొందరలో పెట్టాడు కాబోలనుకున్నాడు. ఇక్కడి నుంచి చూస్తే ఏ ఒరుగూ లేదు, నిటారుగా ఉంది. మునస్వామి పెట్టేది రొమ్మెత్తున. ఇది మంచమెత్తున. మునస్వామిది సున్నం, పెచ్చులు లేచే మోటు గీత. ఇది తిరుమణి. సన్నగా, ఎక్కడా తెగకుండా, ఏళ్ళ తరబడి రోజూ దిద్దిన చెయ్యి దిద్దిన గీత. సుదర్శనం పడుకున్నవాడు పడుకున్నట్టే చెయ్యి చాపాడు. వేలు నామాన్ని అందుకుంది.

స్ట్రెచరు చప్పుడు విని అతను లేచి పక్కకు తప్పుకున్నాడు. పరంధామయ్యను మంచం మీదికి మార్చి ఆయాలు వెళ్ళిపోయారు. వకుళాదేవి డాక్టరును బతిమాలడానికి కిందే ఉండిపోయింది. పరంధామయ్య కళ్ళు మూసుకున్నాడు. జ్వరానికి మొహం ఎర్రగా ఉంది. నొసట పాదం లేని నామం, పొద్దుటిది, చెమటకు కూడా చెదరలేదు.

సుదర్శనం స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఇక తిప్పి తిప్పి అడిగే ఓపిక అతనికి లేదు.

"అయ్యవారూ, ఆ బండకు నామం పెట్టింది మీరే గదా."

పరంధామయ్య కళ్ళు తెరవకుండానే అన్నాడు. "అవునప్పా. నేను అబద్ధం చెప్పలేను. వచ్చిన చిక్కంతా అదే."

నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ రోజు వ్యానులో ఏం జరిగిందో ఆయన కళ్ళారా చూశాడు. కోర్టులో అడిగితే చూసింది చెప్పక తప్పదు. చెబితే కన్నకొడుకు మెడకు ఉరి. గాయం మానకుండా ఉన్నంత కాలం తనను ఎవరూ కోర్టుకు లాగరు. డాక్టరు పెట్టె మహిమతో అది మానుతూ వచ్చింది. ఎర్రటి మాంసం చూసి కూతురు సంతోషపడిన రోజున ఆయనకు నిద్ర పట్టలేదు. మరుసటి వారం కొడుకు చూడవచ్చినప్పుడు ఆయనే నోరు తెరిచి అడిగాడు. ఆక్సిజన్ బదులు ఉత్త గాలి నింపిన సిలిండరు ఒకటి పంపమన్నాడు. నామం లేనిదే నర్సు ముట్టుకోదని వరదరాజులు అన్నాడట. నామం నేను పెడతాను, అది నాకు చెప్పాలా అన్నాడట ఈయన.

"గాయం ఉన్నట్టే ఉంటాదనుకున్నా. మానేది లేదు, చెడేది లేదు అనుకున్నా. ఇంత నల్లబడతాదని నేనేం కలగన్నానా? పోనీలే. కాలు పోతే ఇంకో ఆరునెలలు ఎవరూ నన్ను పిలవరు. మునస్వామిని వదిలెయ్యమని చెప్పు. ఆ పిల్లోడు ఏమీ చెయ్యలేదు."

సుదర్శనానికి ఈయన మీద పొద్దుటి నుంచి ఉన్న చిరాకంతా ఎటు పోయిందో తెలియలేదు. దాని జాగాలో వచ్చింది అంతకన్నా బరువుగా ఉంది. ఈ మాట తాను చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. ఇంకెవరు చెబుతారు?

"మీరు అడిగింది ఉత్త గాలి. అంతేనా?"

"అంతే. సైకిలు షాపుల్లో కొట్టేది. వాడూ సరేనన్నాడు."

"అందులో గాలి లేదు అయ్యవారూ. ఊదుబత్తి పెడితే ఆరిపోయింది. మూడు పెట్టినాం, మూడూ ఆరిపోయినాయి. అది సోడాకు కొట్టే గ్యాసు. గాలి పెట్టుంటే మీ గాయం మీరన్నట్టే ఉండేది. దీన్ని పెట్టినందుకు కుళ్ళింది. ఇంకో వారం పెట్టుంటే మీరు ఉండరు."

పరంధామయ్య కళ్ళు తెరిచి కప్పు వైపు చూశాడు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా పెదవులు కదిలాయి.

"గాలి నింపడం వానికి ఒక పని కాదు," అన్నాడు చివరికి. "ఫ్యాక్టరీ పక్కనే పంపు ఉండాది."

"నాకు తెలుసు."

"పొరపాటున..."

పొరపాటున ఎవరూ బండకు రంగు మార్చరు. నల్లరంగు కింద బూడిదరంగు, కొత్తగా చేయించిన ఇత్తడి ముక్క సుదర్శనానికి కళ్ళల్లో మెదిలాయి. అవి చెప్పవలసిన అవసరం రాలేదు. పరంధామయ్య ఆ మాట పూర్తి చేయకుండానే వదిలేశాడు. కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

వకుళాదేవి మెట్లెక్కి పరుగున వచ్చింది. పొద్దుటి నుంచి లేని వెలుగు ఆమె మొహంలో ఉంది. అన్నయ్య వచ్చాడని చెప్పింది. తను పొద్దున్నే ఫోను చేయించానని, ఆక్సిజన్ కోసం ఇబ్బంది పడతారని వేరే సిలిండరు కూడా తెచ్చాడని, ఈ పాడుదాన్ని వ్యానులో ఎక్కించి పంపేస్తానంటున్నాడని ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఇంక కొయ్యనక్కర్లేదు నాయనా. అన్నయ్యే మోసుకొస్తా ఉండాడు."

పరంధామయ్య సుదర్శనం మణికట్టు పట్టుకున్నాడు. జ్వరంలో ఉన్న ముసలిచేతికి అంత పట్టు ఉంటుందని సుదర్శనం అనుకోలేదు.

"ఈ బండను కదలనీకు," అన్నాడు. కూతురు వైపు తిరిగాడు. "వకుళా, కింద ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, పైకి రమ్మను. డాక్టర్‌ను కూడా పిలువు. రేపటి దాకా చూస్తానన్నాడు గదా, చూడమను. నాకు నా కాలు కావాల. కోర్టులో నిలబడి చెప్తా."

వకుళాదేవికి ఏమీ అర్థం కాలేదు. తండ్రి మొహమూ సుదర్శనం మొహమూ మార్చి మార్చి చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది. సుదర్శనం లేచి ఆమెను లోపలికి లాగి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మెట్ల మీద ఇనుము ఒక్కొక్క మెట్టుకూ తగులుతున్న చప్పుడు దగ్గరవుతోంది. ఆ చప్పుడు ఆగిన చోట వరదరాజులు గొంతు వినిపించింది.

"నాయనా, వస్తా ఉండా."